బ్రేకు మెత్తగున్నది

హలో… ఆ, నేనే అన్నా, మిస్డ్ కాల్ ఇచ్చిన పిల్లను. రవళిని… ప్రసూన చెల్లెను. పొద్దున మా బావ మీ షాపుల కారుకు బ్రేకు ప్యాడ్లు, డిస్కులు కొనుక్కపోయిండు గదా… ఆ, ఆయినే.

గట్టిగ మాట్లాడలేనన్నా… వంటింట్ల ఉన్న.

ఇంట్లనా? బావ, అక్క, అక్క చంకల బాబు, అక్క అత్త లింగవ్వ, బావ దోస్తు మొగిలన్న… నేను. అందరు తయారైన్రు. గోలేటికి పోతున్నరు, తొట్టెల ఫంక్షన్‌కు.

అన్నా… బ్రేకు మెత్తగున్నది.

అంటే… పెడల్ మీద కాలు పెడితే పరుపు మీద పెట్టినట్టున్నది. అడుగుదాక పోతున్నది…

బ్రేకు పైపులల్ల గాలి తీసేటప్పుడు పెడల్ తొక్కింది నేనే అన్నా. బావ కింద పండుకొని తొక్కు అంటే తొక్కిన, ఇడువు అంటే ఇడిసిన. నలభైసార్లు… ఊహూఁ, గట్టిపడలే.

చెప్పిన… "నీ కాళ్లల్ల బలం లేదు, తిన్నదంత యాడికి పోతున్నది" అన్నడు. అందరు నవ్విన్రు… అక్క గూడ.

ఏందన్నా?… గాలి తీసే నిపిలా?… చూసిన. కిందికి ఉన్నది. రెండు దిక్కుల కిందికే.

ఆ… ప్యాడ్లను పట్టే కాలిపర్లు రెండూ పైపులిప్పి, ఊడదీసి కడిగిండు. ఒక్క బకీట్లనే… ఏది కుడిదో ఏది ఎడమదో గుర్తు పెట్టలే…

కుడిది ఎడమకు, ఎడమది కుడికి ఉల్టా బిగించిండా?… గాలి పైననే ఉండిపోతదా?… ఇంక వందసార్లు తొక్కినా రాదా?

నేనెట్ల చెప్తనన్నా! బావ ఓపెన్‌కాస్టు బొగ్గుగనిల డంపర్లు బాగుచేసే ఫిట్టరు. "వంద టన్నుల బండిని ఆపేటోన్ని, గీ డబ్బా ఒక లెక్కనా" అంటడు…

తాళంచెయ్యి దాచాల్నా?… స్టార్ట్ చేసిండన్నా! మీరే చెప్పున్రి… ఉండున్రి, ఉరుకుతున్న…

బావా… షాపు ఖైజరన్న లైన్ల ఉన్నడు. ఒక్క మాట… కాదు బావా, నీ ఇజ్జత్ తీసెతందుకు కాదు… అక్కా, నువ్వన్న చెప్పు. అంత బొగ్గు లారీల రోడ్డు… అక్కా, అటు జూస్తవేందే…

అన్నా, మాట్లాడడట. మొగిలన్నేమో "ఇంజినీరమ్మ" అని నవ్వుతున్నడు…

ఏంది బావా?… నేనా? ఇల్లు కావలి ఉండుమన్నవు గదా… ముందట సీట్లనా?

అన్నా, నన్నూ ఎక్కుమంటుండు. ఆగుతదో లేదో ముందల కూసొని చూడాల్నట… ఎక్కొద్దా?… అత్త నెట్టుతున్నది…

ఎక్కుత బావా. బాబును దించితే ఎక్కుత. పక్కింటి అవ్వ దగ్గర ఇడిసిపెడదాం… దించుతవా? ఒట్టు?…

ఎక్కుతున్న అన్నా. బాబును దించుతడట… ఒట్టేసిండు…

ఎక్కిన. ఎక్కిన గదా బావా. ఇగ బాబును… అక్కా, అవ్వకియ్యే బాబును… బావా, డోరెందుకు ఏస్తున్నవ్? బాబు ఇంక వెనకనే ఉన్నడు, బావా, బాబు—