ఓనరుగారి కారు సైలెన్సర్ పైపు

అధ్యక్ష స్థానంలో ఇబ్బందిగా కూర్చున్న మా ఓనరుగారికి, ఆయన పక్కనే తీరిగ్గా కూర్చున్న ఆయన అత్తగారికి, స్టూళ్ల మీదా పాత టైర్ల మీదా సర్దుకున్న తోటి పనివాళ్లకి, బండి బాగుచేయించుకుందామని వచ్చి ఈ సభలో ఇరుక్కుపోయిన కస్టమర్లకి నమస్కారం.

ముప్పై ఒక్క ఏళ్లు ఈ షెడ్డులో సైలెన్సర్ పైపులు వంచి, ఇవాళ రిటైరవుతున్నాను. నాకు తెలిసిన విద్య ఒక్కటే. చిన్న ఇంజిన్‌కి పైపు మరీ సన్నదైతే ఊపిరాడదు, మరీ లావైతే పొగ బద్ధకంగా నడిచి, కింది గేర్లలో బండికి లాగుడు పోతుంది. లీటరు ఇంజిన్‌కి ఒకటిన్నర అంగుళం చాలు, మహా అయితే ఇంకో పావు. కానీ వచ్చిన ప్రతివాడూ రెండున్నర అడుగుతాడు. ఎందుకయ్యా అంటే మోత రావాలట! అందుకే పైపు బిగించాక ఇంటిల్లిపాదినీ కార్లో కూర్చోబెట్టి, వెనకున్న ర్యాంపు నిదానంగా ఎక్కించమంటాను. ఎక్కితేనే గేటు తీస్తాను.

పన్నెండేళ్ల కిందట ఓనరుగారు తన చిన్న కారుకి రెండున్నర పెట్టమన్నారు. వద్దన్నాను. "ఓనరెవరు, నువ్వా నేనా?" అన్నారు. నోరు మూసుకుని పెట్టాను, ర్యాంపు కూడా ఎక్కించలేదు. ఆ ఆదివారం అత్తగారితో సహా ఐదుగురితో బయల్దేరితే, ఎత్తు రోడ్డు మీద మోత ఊరంతా వినపడింది గానీ బండి కదల్లేదు. దిగి తోసిందెవరో అడగండి. (నవ్వులు) అమ్మా, మీరు చెయ్యెత్తక్కర్లేదు, అందరికీ తెలుసు.

మర్నాడు "ఏదో ఒకటి చెయ్యి, పైపు మాత్రం మార్చకు, పరువు పోతుంది" అన్నారు. చేశాను. సార్, ఇన్నేళ్లు దాచిన మాట చెప్పేస్తున్నా. మీ కారుకి లోపలంతా ఒకటిన్నర పైపే. చివర జానెడు ముక్క ఒక్కటే లావు. (పెద్దగా నవ్వులు) మీరు పదిమందికీ చూపించి మురిసిపోయింది ఆ జానెడునే!

కాసిని మంచినీళ్లు తాగండి సార్. అసలు సంగతి ఇంకా ఉంది.

నా పక్కన తొమ్మిదేళ్లు పనిచేసిన చెల్లెమ్మ అదిగో, తలుపు దగ్గర నిలబడింది. పోయినవారం ఒకాయన లావు పైపు కావాలంటే బిగించనంది. ఆయన అలిగి వెళ్లిపోయాడు. దాంతో ఇవాళ నాతోపాటు ఆమెకీ ఆఖరి రోజైంది. నాకేమో సన్మానం, ఆమెకేమో సాగనంపడం. సార్, మీకు భయపడి నేను చెయ్యలేని పని, మొహమ్మీదే కాదనడం, ఆమె చేసింది. నేను మోసం చేసి నెగ్గాను, ఆమె నిజం చెప్పి ఓడింది. నాకు సిగ్గుగా ఉంది సార్. తీసెయ్యాల్సింది నన్ను. కాకపోతే ఆ అవకాశం మీకు సాయంత్రం ఐదింటి వరకే ఉంది. (నవ్వులు)

ఏమిటమ్మా? అల్లుడుగారు ఏదో అంటున్నారా? గట్టిగా అనండి సార్, వెనకవాళ్లకి వినపడలేదు... "ఆ అమ్మాయిని రేపు తొమ్మిదింటికి పనిలోకి రమ్మను" అంటున్నారు! (చప్పట్లు)

విన్నావుగా చెల్లెమ్మా. ఇన్నాళ్లూ నన్ను భరించిన మీ అందరికీ నా ధన్యవాదాలు. కాదనాల్సిన చోట కాదనే మనిషి ఇక్కడ ఉంది, ఇక నేను ఇంటికెళ్లొచ్చు. సెలవు.