కచ్చా కుట్ల కోటు

ఛీ ఛీ, ముందు ఆ కోటు దూరంగా పెట్టప్పా ఆదినారాయణా! ముక్కు పగిలిపోతాంది. దానికి నీళ్ళు చూపించి ఎన్నేండ్లయింది? కాలరు చూడు, ఆముదం కారి అట్ట కట్టింది. చంకల కాడ ఉప్పు పేరింది. ప్రొద్దుటూరులో ఫోటో దిగిన ప్రతి మగోని చెమటా దాంట్లో ఉండాది. దాన్ని చిలక్కొయ్యకు తగిలించుకోని, నాది పెద్ద స్టూడియో అంటావు!

లేదులే, కూర్చోను. జమ్మలమడుగు నుంచి మొదటి బస్సుకే వచ్చినా. అంగడి గూడా తీయలేదు. టైలరు అలీ అహ్మద్ అంగడి తీయలేదంటే ఎవరో పోయినారనుకుంటారు మా ఊర్లో. అనుకోనీ.

బయట అద్దాల పెట్టెలో మా కొడుకు యూనుస్ ఫోటో పెట్టినావే, అది తీసెయ్. ఇప్పుడే తీసెయ్.

ఏంటికా? నన్నడుగుతాండావా? అంత పెద్దది చేసి, చట్రం కట్టి, దోవన పోయే ప్రతివోనికీ కనపడేట్ల పెట్టమని నీకెవరు చెప్పినారు? బాగొచ్చిందని పెట్టినావా? బాగొచ్చిందిలే. అదే గదా నా తలరాత.

సోమవారం నుంచి ఎస్సెల్సీ పరీక్షలు. మా పిల్లోళ్ళకు సెంటరు ఈడనే. బస్సు దిగి నీ స్టూడియో ముందరే నడిచిపోవాల. ఆ ఫోటో చూసినప్పుడల్లా 'కోటు దొంగ, కోటు దొంగ' అని మావాన్ని ఏడిపిస్తారు. వాడు పరీక్షకే పోనంటాండాడు. నాలుగు దినాలైంది పుస్తకం ముట్టక. గోడ దిక్కు తిరిగి పండుకోనుండాడు. మా ఇంట్లో ఎస్సెల్సీ దాకా వచ్చినోడు వాడొక్కడే అప్పా! మా నాయిన వేలిముద్ర, నాదీ వేలిముద్రే.

అంతా ఈ కోటు పిచ్చితోనే వచ్చింది. రాజధానిని కర్నూలు నుంచి హైదరాబాదుకు ఎత్తకపోయి ఆరు నెల్లు గూడా కాలా. అప్పుడే పోయి ఆడ ఆపీసర్లయి కూర్చున్నట్ల, ఎస్సెల్సీ ఫోటో అంటే కోటు ఉండాల్సిందే అంటాండారు. ఏం, పంచె కట్టుకోని దిగితే మొగం పడదా? మొన్నటిదాకా మేకలెంబడి తిరిగినోనికి గూడా కోటే! లేనోనికి నీ ఈ కంపు కోటు ఉండనే ఉండాది. ఎవనికైనా సరిపోవాలని వీపు కాడ నిలువునా కోసి నాడాలు పెట్టినావు. ముందర దొర, వెనక బిచ్చగాడు. థూ!

మావాడు ఫోటో దిగిన దినం నేను ఈ ఊరొచ్చింది గుండీలకు. గుర్తుండాదా? మా ఊరి ఓబుళరెడ్డి కొడుకు కోటుకు. వాడూ మావాడూ ఒకటే క్లాసు. కోటు మిషన్ మీదికి పోకముందు తెల్లదారంతో పొడుగు పొడుగు కుట్లేసి నిలబెడ్తాం గదా, కచ్చా కుట్లు, ఆ కుట్ల మీదనే ఉండె అది. రంగు కలిసే గుండీలు చూసుకుందామని సంచిలో పెట్టుకోనొచ్చినా. ఎట్లాగూ బస్సెక్కుతాండా గదా అని మావాన్ని గూడా ఫోటోకు పిల్చుకోనొచ్చినా.

వాడు నీ కోటులో ఒక చెయ్యి దూర్చినాడు. గుప్పున వాసన. నలభై ఏండ్లు ఊరందరికీ కొత్తగుడ్డలు కుట్టినోని కొడుకు, పుట్టి బుద్దెరిగినాక దిగే ఒక్క ఫోటోకు, ఇంతమంది చెమట మోయాల్నా? 'ఇప్పెయ్‌రా' అన్నా. సంచిలో కోటు తీసి నా చేత్తో నేనే తొడిగినా.

'వద్దు అబ్బాజాన్, అది వాళ్ళది' అన్నాడు వాడు, నా చెవిలో. 'నోరు మూసుకోరా' అంటి. కోటు ఎవరిదప్పా అని నువ్వడిగితివి. మావానిదే అంటి. నువ్వు నమ్మలేదని నాకు తెలుసులే.

రెడ్డి కొడుకుది నెయ్యి తాగిన ఒళ్ళు. మావాడు చీపురుపుల్ల. కోటు గోనెసంచి మాదిరి వేలాడె. నేను వెనక గొంతుక్కూర్చోని, గుడ్డ బిగించి పట్టుకుంటి. గుండీలు లేవు గదా, చెయ్యి రొమ్ము మీద పెట్టుకోమంటి. ఎంత దొరబాబు మాదిరి ఉండె అప్పా వాడు! నా కండ్లకు వాని మొగమొక్కటే కనపడె. కాలరు పొడుగునా తెల్ల కుట్లు పండ్లికిలిస్తాండాయి. టైలరును నేను! చూసుకోలేదు. ఎవరన్నా ఇంటే నమ్ముతారా?

రెడ్డి చూసినాడు. కోటు కుట్టి ఇచ్చేస్తి. దాన్ని తొడిగించి కొడుకును నీ కాడికి పిల్చుకోనొచ్చె. వస్తే అద్దాల పెట్టెలో మావాడు. అదే గుడ్డ, అదే కాలరు, తెల్ల కుట్లతో! ముందుగా తొడిగిందెవరో చిన్నబిడ్డకైనా తెలుస్తుంది. జీపు నేరుగా నా అంగడి ముందర నిలిచె. కోటు ఇప్పించి నా మొగాన కొట్టె. 'ఒకడు తొడిగి ఇడిసిన గుడ్డ మా పిల్లోడు తొడగాల్నా సాయిబూ?' అనె. బజారు బజారంతా గుమికూడె. మావాడు ఆడనే ఉండాడు, నా పక్కన కూర్చోని కాజాలు కుడతాండాడు.

నేనేం చేసినానో తెలుసునా?

లేసి మావాని చెంప పగలగొట్టినా. 'దొంగ నాయాలా! నాకు తెలీకుండా ఎత్తకపోయినావా?' అని అరిస్తి. నలుగురికీ ఇనపడేట్ల అరిస్తి.

వాడు ఏడవలేదు. నా దిక్కు చూసినాడు, అంతే. అన్నంలో పురుగొచ్చినప్పుడు చూస్తామే, అట్ల.

రెడ్డి సల్లబడె. 'పోనీలే సాయిబూ, పిల్లోడు' అనె. నన్ను మంచోన్ని చేసిపాయ. కోటు మాత్రం తీసుకోలేదు, ఆడనే పారేసిపాయ.

ఇంతకీ వాని కొడుకు ఫోటో దేంట్లో దిగినాడు? చెప్పప్పా. నవ్వు దాచుకుంటావేంది? నీ ఈ కోటులోనే గదా! మావాడు రవ్వంతసేపు తొడిగితే మైల పడేవాళ్ళు, ఊరందరి చెమటలో మునిగితే పుణ్యస్నానమైందా? తౌబా తౌబా! ఏం మనుషులప్పా!

ఆ... నన్నంటాండావా? అను. వాళ్ళకంటే నేనేం మేలు?

పోయి నిజం చెప్పమంటావా? చెప్పినానే అనుకో. ఇచ్చిన గుడ్డ కొడుక్కు తొడిగే టైలరని తెలిస్తే, రేపు నా గడప ఎవరు తొక్కుతారు? మా ఇంటామె జానీబీ గూడా నీ మాదిరే అడిగింది. అప్పటినుంచి కూడు నా ముందర పెట్టి, మొగం తిప్పుకోని పోతాంది.

ఫోటో తెచ్చినావా? ఇట్లియ్యి. మళ్ళీ ఆడ పెట్టొద్దు.

ఏంది? వేలు పెట్టి ఏం చూపిస్తాండావు?

...నీకూ కనపడిందా?

అవునప్పా, నావే. ఫోటో అడుగున, కోటు అంచున, మావాని నడుము కాడ, రెండు వేళ్ళు. ఒక వేలికి అంగుస్తాన్, ఇదిగో, సూది గుచ్చుకోకుండా పెట్టుకునే ఈ ఇత్తడి టోపీ, ఊరికి పోయినా తీయను. నొక్కు పడింది చూడు, ఫోటోలో గూడా కనపడ్తాంది. ఈ నొక్కు టోపీ నాదని జమ్మలమడుగులో చిన్నపిల్లోనికి గూడా తెలుసు. రెడ్డి కోపంలో కుట్లు చూసినాడు, వేళ్ళు చూడలేదు. సోమవారం ఈ దోవన పోయేవాళ్ళల్లో ఎవడో ఒకడు చూస్తాడు.

అందుకొచ్చినా. మావాని కోసం కాదు. నీ దగ్గర అబద్ధమేంటికి?

వాడు ఈ ఫోటో తీసెయ్యమనలేదు. తీయించేస్తాలేరా అని రాత్రి నేనే అంటే, 'ఉండనీ అబ్బా' అన్నాడు. నాలుగు దినాల్లో వాడు పలికింది ఆ ఒక్క మాటే.

వానికి తెలుసప్పా! ఫోటో చేతికొచ్చిన దినమే నా దగ్గరికి పరిగెత్తుకోనొచ్చి చూపించినాడు. 'అబ్బా, చూడు, నువ్వూ దిగినావు' అని పగలబడి నవ్వినాడు. నేనూ నవ్వితి. నేను చెంప మీద కొట్టినప్పుడు, 'పోయి ఆ ఫోటోలో వేళ్ళు చూడండి' అని ఒక్క మాట అనింటే చాలు. బజారులో నా బట్టలూడేవి. వాడు అనలేదు. దెబ్బ తిని, నా పరువు కాపాడి, పోయి గోడ దిక్కు తిరిగి పండుకున్యాడు.

చట్రం ఊడదీసి కత్తెర ఇటియ్యి. ఆ అంచు రవ్వంత కోసేసి, ఫోటో మళ్ళీ అద్దాల పెట్టెలోనే పెడుదువు. ఉండనీ అన్నాడు గదా వాడు. ఉంటుంది.

అట్ల చూడొద్దప్పా. మా ఇంట్లో ఆ చూపు చూస్తానే ఉండా.

ఛీ, కత్తెర వంకర పోతాంది. నలభై ఏండ్లలో ఎప్పుడూ పోలేదు. ఇందా, నువ్వే కోసెయ్. ఎవరన్నా అడిగితే, నాకు తెలీకుండా ఆదినారాయణే కోసినాడని చెప్తా.