ఎడమవైపు నిలబడ్డ బావమరిది

సభాధ్యక్షులు పెద్ద డాక్టరుగారికి, వేదిక మీది పెద్దలకు, నాలాగే ఈ ఆసుపత్రికి మెడలూ నడుములూ అప్పగించి బాగుచేయించుకున్న మిత్రులకు, ఈరోజు పదవీ విరమణ చేస్తున్న మా వ్యాయామాల డాక్టరమ్మగారికి నమస్కారం. అధ్యక్షులవారు అప్పుడే కునుకు తీస్తున్నారు. తల అలా ముందుకు వాలిందంటే రేపు ఆయన కూడా మా జట్టులో చేరతారు, పక్కనున్నవాళ్లు కాస్త తట్టండి. (నవ్వులు)

నాది పైకప్పులకు రంగులు వేసే పని, మెడ ఎత్తితేనే కూడు. నిచ్చెన పట్టుకునేదీ, వ్యాను నడిపేదీ మా బావమరిది. పోయిన ఏడాది ఆ మహానుభావుడు పిల్లి అడ్డొచ్చిందని ఉన్నట్టుండి బ్రేకు తొక్కాడు, వెనకనున్న కారు వచ్చి గుద్దింది, పిల్లి క్షేమంగా వెళ్లిపోయింది, నా తల ఒక్క ఊపున ముందుకెళ్లి వెనక్కొచ్చింది, మర్నాటికి మెడ కొయ్యబారిపోయింది. వాడికి మాత్రం చిన్న గీత కూడా పడలేదు, అదీ నా మంట! ఆనాటి నుంచి వాడి వ్యాను ఎక్కలేదు, వాణ్ణి నిచ్చెన ముట్టుకోనివ్వలేదు. మధ్యలో మా ఆవిడ నలిగిపోయింది.

మెడకు పట్టీ కట్టుకుని దర్జాగా వస్తే, పరీక్షలన్నీ చూసి, "తల మొయ్యడానికి మెడ ఉండగా ఇదెందుకండీ?" అని ఈ తల్లి విప్పేశారు. గడ్డం లోపలికి లాగండి, భుజాలు వదలండి, తల మెల్లగా తిప్పండి, నొప్పి పెరిగితే ఆగండి. అదిగో, హాల్లో సగం మంది గడ్డాలు లాగుతున్నారు! (నవ్వులు)

తల కుడికి తిరిగేది, ఎడమకు మాత్రం గడియ పెట్టినట్టు ఆగిపోయేది. గోడ మీద బొమ్మ చూపించారు, కిటికీ చూపించారు, లాభం లేకపోయింది. చివరికి రోజూ వచ్చి బయట బెంచీ మీద కూర్చునే మా బావమరిదిని పిలిచి నా ఎడమవైపు నిలబెట్టారు.

"ఇతన్ని తిట్టాలని ఉందా?"

"చచ్చేంత ఉంది."

"అయితే మొహం చూసి తిట్టండి. గోడకేసి తిడితే కుదరదు."

ఇంకేముంది! ఒక్కో తిట్టుకీ తల కాస్త కాస్త తిరిగింది. తిరిగినకొద్దీ ఆవిడ వాణ్ణి ఇంకాస్త వెనక్కి జరిపేవారు. "బావా, నా చెవి కనిపిస్తోందా?" అని వాడే అడిగేవాడు, సిగ్గులేని వెధవ. ఒకరోజు తల పూర్తిగా తిరిగింది, తీరా చూస్తే నా దగ్గర తిట్లు అయిపోయాయి. ఊరికే వాడి మొహం చూస్తూ ఉండిపోయాను. బాగా చిక్కిపోయాడు.

డాక్టరమ్మగారూ, మీరు వెళ్లిపోతుంటే నాకు నిజంగా దిగులుగా ఉంది. ఇంట్లో వ్యాయామాలు మానొద్దన్నారు, మానను. మెడ బాగైంది, పైకప్పులకు రంగులూ వేస్తున్నాను, కానీ నిచ్చెన ఇప్పటికీ ఎవరో కూలిమనిషి పట్టుకుంటున్నాడు. మీకది తెలుసు. అందుకే ఇవాళ కూడా వాణ్ణి తెచ్చి నా ఎడమవైపే కూర్చోబెట్టారు. చూశాను లెండి, తల తిరుగుతోందిగా!

ఒరేయ్, రేపు పొద్దున్నే వ్యాను తీసుకుని ఇంటికి రా. నిచ్చెన నువ్వే పట్టుకోవాలి. పిల్లి కనబడితే ముందు నాకు చెప్పి చావు... అయ్యో, ఏడుస్తావేంట్రా అందరి ముందూ!

ఇంతసేపూ ఓపిగ్గా విన్న మీకందరికీ, ఈ మెడ నిలబెట్టిన అమ్మకూ కృతజ్ఞతలు. ఇక అధ్యక్షులవారిని లేపండి. సెలవు.