మైలోడి పారాయణం

మళ్ళీ దీక్షేటండి పంతులుగారూ? మొదటి దీక్షకే మా కాపురం సగం కూలిపోనాది. ఇప్పుడు రెండోది కూడా ఇచ్చీస్తారా?

వద్దండి, కూకోను. నిలబడే సెప్తాను. నిన్న మా ఆయన గంగరాజు మీ కాడికొచ్చి కాళ్ళమీద పడ్డాడంట కదా. మంచిరోజు సూసి మాలేస్తానన్నారంట. ఆ మంచిరోజు సూడకండి బాబూ. అది సెప్పడానికే వచ్చినాను.

అసలు మీతోటి ఏటని సెప్పినాడు? సెడ్డ అలవాటనా? మీరు తాగుడనుకున్నారా! ఓలమ్మో! తాగుడైతే నాను మీ గుమ్మం దాకా ఏల వస్తాను? తాగినోడు వీధిలో పడతాడు, నలుగురూ సూస్తారు, నలుగురూ తిడతారు. ఇది ఎవులికీ కనబడదు. ఫోనండి. ఫోన్లో బూతు బొమ్మలు.

అదిగో, తల దించీసుకున్నారు. సెప్పడానికి నాకు మాత్రం బాగుందేటి?

భోగాపురంలో ఇమానాశ్రయం కట్టే పనికని టిప్పరు తోలడానికెల్లినాడు సూడండి, ఆ రేకుల షెడ్డులో ఊసుపోక మరిగినాడనుకున్నాను. పనైపోయి ఇంటికొచ్చీసినాక కూడా ఫోను వగ్గడు. మా శ్రావణి ఇస్కూలు పాఠం సూసుకుంటానంటే, పిల్ల సేతిలోంచి లాగీసినాడు. పిల్ల బెదిరిపోనాది. ఎన్నడూ దాన్ని ఒక్క మాటనని మనిషి కదా, ఏటిదని అప్పుడే అనుమానమొచ్చినాది నాకు. ఆయన స్నానానికెల్లినప్పుడు తీసి సూసినాను. ఏటి సూసినానో అడక్కండి.

నిలదీస్తే ఏడిసినాడు. దేవుడి పటం మీద సెయ్యేసి ఒట్టెట్టినాడు. ఆ ఒట్టు రెండు వారాలు నిలిస్తే గొప్ప. అప్పుడొచ్చినాడు మీ కాడికి. మీరు మాలేసినారు, పారాయణ పుస్తకం సేతికిచ్చినారు. సన్నీళ్ళ స్నానం, ఒంటిపూట తిండి, నేల పడక. అన్నీ సేసినాడు, కాదనను. ఊరంతా మెచ్చుకున్నారు. మా అత్త అసిరమ్మయితే కొడుకుని సూసుకుని మురిసిపోనాది.

నా సంగతి ఎవులడిగినారు?

సెంబుతో నీళ్ళట్టుకెల్తే, "అక్కడెట్టీసి ఎల్లిపో" అనీవోడు. నా మొకం కేసి సూడ్డం మానీసినాడు. ఓపాలి ఉండబట్టలేక అడిగీసినాను. "ఏటయ్యా, నానేటి సేసినాను?" అంటే, "నిన్ను సూస్తే నా మనసు సెదిరిపోద్దే" అన్నాడు.

సూసినారా? ఆ ఫోన్లో బొమ్మలూ పాపమే, తాళి కట్టించుకున్న నానూ పాపమే! రెండూ ఒక్క గాటనే కట్టీసినాడు. "ఆటిని సూసినప్పుడు సెదరని మనసు, నన్ను సూస్తే సెదిరిపోద్దా?" అన్నాను. గబగబా శ్లోకాలు అందుకున్నాడు. ఎండు కొమ్మలిరిసినట్టు పటపటా సదివీడమే, ఒక్క ముక్కకి అర్థం తెలిస్తే ఒట్టు.

శ్రీముఖలింగమెల్లి వంశధారలో మునిగి మాల తీసీసినాడు. ఇంటిల్లిపాదికీ ప్రసాదమెట్టినాడు. హమ్మయ్య, గండం గడిసినాది అనుకున్నాను. ఆ వారంలోనే నువ్వుసేనికి సద్దన్నం అట్టుకెల్లినాను. మోటారు కొట్టులో కూకుని ఉన్నాడు, సేతిలో అదే.

నన్ను సూసి తల గోడకేసి కొట్టుకున్నాడు. "దేవుడు నన్ను వగ్గీసినాడే, నాను మైలోణ్ణి" అని ఒకటే ఏడుపు. ఆ రోజు నుంచి దీపం ఎట్టడు, పుస్తకం ముట్టడు. దేవుడి గది గుమ్మం తొక్కడు. ఫోను మాత్రం రాత్రీ పగలూ నొక్కుతున్నాడు! ఎలాగూ పాడైపోనాను కదా, ఇంకెంతైతే ఏటి అన్నట్టు.

ఉండండి, నన్ను సెప్పనీండి.

నాకు కోపమొచ్చీసినాది పంతులుగారూ. ఎప్పుడూ రాలేదంత కోపం. గదిలోకెల్లి పుస్తకం తెచ్చి ఆయన ఒళ్ళో పడీసినాను. "సదువు" అన్నాను. "నాను ముట్టుకోకూడదే, మైల" అన్నాడు. "మైలోడు ముట్టుకోకూడదంటే ఇది ఎవులి కోసం రాసినారు? సుబ్బరంగా ఉన్నోడికి దీంతో పనేటి? సదువు. గదిలో తలుపేసుకుని కాదు, ఇక్కడ, నా ఎదురుగా. అర్థం తోటి సదువు" అన్నాను.

పట్టపగలు, వసారాలో. మా అత్త పక్కనే సింతపండు పిక్కలు తీస్తన్నాది. ఆయన సదవడం మొదలెట్టినాడు. కింద తెలుగులో అర్థం ఉంటాది కదండీ, అది కూడా సదివినాడు. ఓకాడ ఏటుందంటే, మనసు ఎటు పారిపోతే అటెల్లి దాన్ని మళ్ళీ తెచ్చుకోవాలంట. ఎన్నిసార్లని నేదంట. కొట్టమని నేదు, సంపమని నేదు. తెచ్చుకోమని ఉంది, అంతే.

ఆగిపోనాడు. "ఇది దీక్షలో రోజూ సదివినానే" అన్నాడు. "సదివినావు గానీ ఇన్నేదు" అన్నాను.

అప్పుడు మా అత్తని లోపలికెల్లమని, అంతా సెప్పినాడు నాతోటి. భోగాపురంలో కాదంట మొదలు. కాలేజీ రోజుల్నుంచీ ఉన్నాదంట. పెళ్ళైతే పోద్దనుకున్నాడంట. పిల్ల పుడితే పోద్దనుకున్నాడంట. దీక్షలో ఉండగా కూడా మాల తీసి మేకుకి తగిలించి సూసినాడంట! రోకలట్టుకుని రెండిచ్చుకోవాలనిపించినాది. ఇచ్చుకోనేదు. ఇన్నాను.

ఆ ఫోను ఇప్పుడు నా కాడే ఉంటాది. ఆయనకి బటన్ల ఫోను కొన్నాము. రోజూ పొద్దుగూకీ వేళ వసారాలో కూకుని పుస్తకం సదువుతాడు, మెల్లగా, అర్థం తోటి. మనసు లాగినప్పుడు వచ్చి, "ఈ రోజు బాగోనేదే" అంటాడు. నాను పార సేతికిచ్చి సేనుగట్టు సెక్కమంటాను, నేదంటే ఇంకో పేజీ సదవమంటాను. శ్రీకాకుళంలో ఇలాటోటికి డాక్టర్లున్నారంట, అక్కడికీ ఎల్దామన్నాను, తలూపినాడు.

తగ్గిందా అంటారా? తగ్గినాది. పోనాదా అంటే, పోనేదు. మొన్న మా తమ్ముడి ఫోనడిగి తీసుకుని మళ్ళీ జారినాడు. కానీ ఈపాలి దాయనేదు, తనే వచ్చి సెప్పినాడు. సెప్పి, భయమేసి, మీ కాడికి లగెత్తినాడు మాలెయ్యమని. మాలేసీసుకుంటే ఊరికి మంచోడైపోవచ్చు, నాకు సమాధానం సెప్పక్కర్నేదు కదా!

అందుకే అంటన్నాను. మాలొద్దు బాబూ. మీకు సేతనైతే సందేళ మా వసారాకి రండి. ఆయన సదువుతుంటే తెలియని కాడ మాట సాయం సెయ్యండి. మీకు తెలిసినంత మా ఊళ్ళో ఎవులికి తెలుసు?

ఏటీ? ఆడదానికి ఓర్పుండాలా? సెమించీయాలా?

రోజూ సదవడం అయ్యాక ఆయనా అడుగుతాడు. "కోపం పోనాదే?" అని. పోనేదండి. మీ ముందు అబద్ధం ఎందుకు? ఒక్కో రోజు ఆ పుస్తకంలో ఒక్క ముక్కా నా సెవికెక్కదు. ఆయన సదువుతున్నంతసేపూ నాను పళ్ళు కొరుక్కుంటూ కూకుంటాను.

కూకుంటాను. అంతవరకే నాకు సేతనైనాది.