మా పక్క ద్రాక్ష

1994. దోహా నుంచి మదీనత్ అల్ షమాల్ వెళ్ళే రోడ్డు. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజే జరిగే క్రైస్తవుల ప్రార్థనకని సుసన్న కారెక్కింది. నడుపుతున్నది ఒక అరబ్బు ఇంట్లో డ్రైవర్‌గా పనిచేసే నాగప్ప. కాళ్ళకు అడ్డొస్తున్న సంచిని జరపబోతే, లోపల పిండిలో సీసా ఒకటి ఆమె చేతికి తగిలింది.

"నాగప్పా, ఇదేవిటి?"

"రాగిపిండి అక్కా. ఊర్నుంచి తెచ్చినా."

"పిండిలో సీసా ఏవిటని అడుగుతున్నా."

"అదా... అదేంల్యా."

"నాగప్పా!"

"వైన్ అక్కా. ఎర్ర వైన్."

"వైనా? నీకు మతి గాని పోయిందా? ఈ దేశంలో మందుతో దొరికితే జైల్లో వేసి, ఆపైన ఊరికి పంపేస్తారు!"

"తెలుసు."

"తెలిసే తెచ్చావా? చుక్క ముట్టనివాడివి, నీకెందుకు—"

"నాకు గాదు. మీకు."

"నాకా!"

"మీ అందరికీ. ప్రార్థనలో తలా ఒక గుటక తాగుతారు గదా, దానికి. మా పెనుకొండ పక్క నల్లద్రాక్ష అక్కా. రైతులు ఊరికే ఇచ్చినారు. మిషన్ ఆసుపత్రోళ్ళు వైన్ చేసి అమ్ముతాండారు. వచ్చిన దుడ్లతో పిల్లోళ్ళకు వార్డు కడతారంట. మా ఇంటిది ఆంజనమ్మ గూడా గుత్తులు కోసింది."

"మేమిక్కడ ప్రభు భోజనం ఎండు ద్రాక్ష నానబెట్టిన నీళ్ళతోనే కానిస్తాం. నిన్నెవరు తెమ్మన్నారు?"

"ఎవురూ అనల్యా. పోయినేడాది మా పిల్లోనికి జరమొస్తే మీరంతా మోకాళ్ళ మీద కూర్చొని ప్రార్థన చేస్తిరి."

"చేశాం. కానీ నాగప్పా, వాడు..."

"పోయినాడు. ఆ ఆసుపత్రి వరండాలోనే. లోపల మంచం లేదనిరి. అయినా మీరు అడిగినారు గదక్కా, వాని కోసరం."

"అడిగినందుకే నువ్వింత ప్రమాదం నెత్తికెత్తుకుంటావా..."

"ఏడవద్దక్కా."

"ఏడవట్లేదు. ముందు కారాపు. ఇసకలో పారబోసేద్దాం."

"ఇంగ ఆపలేం. ముందర చూడు."

"పోలీసులా?"

"అన్ని బండ్లూ ఆపతాండారు. వెనక్కి తిప్పితే ఎంట పడతారు. అక్కా, ఆపంగానే నువ్వు దిగి దూరంగా నిలబడు. దారిలో ఎక్కినానని చెప్పు. నేనెవురో తెలీదను."

"నిన్ను పంపేస్తే ఆంజనమ్మ ఏమైపోవాలి?"

"నీ పిల్లోళ్ళు ఈడ బడికి పోతాండారు. నీ ఉద్యోగం పోతే? నా మాట విను. దిగు."

"ఉండు, ఆలోచించనీ..."

"దిగక్కా!"

"యల్లా! బ్యాగ్ ఖోలో. యే బోతల్ కిస్‌కా?" పోలీసు సంచి తెరిపించి, సీసా ఎవరిదని గద్దించాడు.

"సాబ్, అది నా—"

"నువ్వూరుకో నాగప్పా. ఆ సీసా నాది సాబ్. డ్రైవర్‌కేం తెలీదు."