మూడు పాయలకు ముడేసిన మామగారు

పెళ్లయ్యాక రెండోసారి అత్తారింటికి వచ్చిన అల్లుణ్ణి, "పద బాబూ, మన వాగు చూపిస్తా" అంటూ మామగారు వంతెన పక్క టీకొట్టుకి లాక్కొచ్చాడు. వాగు చూడాలంటే బెంచీ మీద ఎందుకు కూర్చోవాలో అల్లుడికి అర్థం కాలేదు. అప్పటికే అక్కడ కూర్చున్న సెలూన్ ఆయనా, మెకానిక్కూ మాత్రం అర్థమైనట్టు జరిగి చోటిచ్చారు.

"కింద పారేది ఒక్క వాగే అనుకుంటారు జనం," మామగారు గొంతు సవరించుకున్నాడు. "ఒట్టిది. మూడు పాయలు! లాండ్రీల వెనకనుంచి వచ్చేది సబ్బుపాయ, ఎప్పుడు చూడు నురగే. అద్దకం షెడ్ల దగ్గర పుట్టేది రంగులపాయ, పొద్దున ఎరుపు, సాయంత్రం నీలం. మూడోది గుడ్డిపాయ. బస్సు డిపో కింద గొట్టంలో దూరి వస్తుంది. దాని లోపలేముందో చూసిన మొనగాడు లేడు, నేను తప్ప."

"లోపలికెళ్లారా మామయ్యగారూ?"

"వెళ్లడమా! కిందటేడు వానలకి మూడూ ఒక్కసారే పొంగాయి. జనమంతా డాబాలెక్కేశారు. నేనేమో గొడుగేసుకుని వాగులోకి దిగా. మోకాలి లోతు."

"మొన్న నడుము లోతన్నారు," అన్నాడు మెకానిక్కు.

"మోకాలి దగ్గర మొదలైంది, అక్కడే కూర్చుంటుందా ఏమిటి? మెడదాకా వచ్చింది! సబ్బుపాయకి ఎదురీదా. ఒడ్డుకొచ్చేసరికి నా చొక్కా తళతళా మెరిసిపోతోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రంగులపాయ వచ్చి మీద పడింది. సగం ఎరుపు, సగం నీలం అయిపోయా. మీ అత్తయ్య గుర్తుపట్టక తలుపేసేసుకుంది!"

"అమ్మో!" అల్లుడు నోరు తెరిచాడు. కొత్త మామగారు, నమ్మకపోతే బాగుండదు.

"అప్పుడే అమ్మో అంటే ఎలా? గుడ్డిపాయలో దూరా. పైన డిపో మునిగిపోతోంది. కిందనుంచి భుజం ఆనించి ఒక్కో బస్సునీ గట్టుకి నెట్టా. ఊపిరాడక, దొరికిన గొట్టంలోంచి తల పైకెత్తా. ఎక్కడ తేలానంటావు? పళ్ల డాక్టరుగారి వాష్‌బేసిన్‌లో! ఆయన కంగారుపడకుండా 'నోరు తెరవండి' అన్నాడు. తీరికలేదన్నా. ఇక విసుగొచ్చి, మూడు పాయల కొసలూ పట్టుకుని పైజమా బొందులా బిగించి ముడేశా. నీళ్లు వెనక్కి తిరిగి గుట్టెక్కిపోయాయి!"

టీకొట్టావిడ గ్లాసు టక్కున పెట్టింది.

"కొత్తల్లుడి ముందు ఇన్ని కోతలు కోసి అసలుది దాచేస్తావేం అన్నయ్యా? బాబూ, ఆ రోజు చెప్పు కొట్టుకుపోతోందని ఈయన గట్టు మీంచి వంగి జారిపోయాడు. గుడ్డిపాయ గొట్టం మూతికున్న ఇనప చువ్వల్లో కాలు ఇరుక్కుంది. నీళ్లు ముక్కుదాకా వచ్చేశాయి. మేమంతా కేకలేస్తూ నిలబడ్డాం గానీ దిగే గుండె ఎవరికీ లేకపోయింది. నా కొట్టు తాడు నడుముకి కట్టుకుని దూకిందెవరనుకున్నావు? మీ ఆవిడ!"

అల్లుడికి భార్య మోచేతి మీది పొడుగాటి మచ్చ గుర్తొచ్చింది. అదేమిటని మొన్న అడిగితే, "గీసుకుంది లెండి" అని మాట మార్చేసింది.

"నిజమే," అన్నాడు మెకానిక్కు, ఈసారి నవ్వకుండా. "తాడు రెండో కొస పట్టుకుంది నేనూ, ఈ సెలూన్ ఆయనా. రెండుసార్లు మునిగి కనబడకుండా పోయింది. ఇక అయిపోయిందనుకున్నాం. ఈయన కాలరు పట్టుకుని పైకి తేలింది."

అల్లుడు కిందకి చూశాడు. వంగిపోయిన చువ్వల మధ్యనుంచి నల్లటి నీళ్లు గుడగుడమంటూ బయటికొస్తున్నాయి. ఇందులోకా? తనైతే దూకేవాడా?

మామగారు తన చెప్పుల వంక చూసుకున్నాడు. తర్వాత మెల్లిగా, "తాడు గట్టిగా కట్టుకోమని అరిచింది నేనే కదా" అన్నాడు.

"నీ నోటినిండా నీళ్లేనాయె," అంది టీకొట్టావిడ. "ఇంకెక్కడ అరుస్తావు అన్నయ్యా!"