పెరట్లో పదకొండు రకాలు

1968 వానాకాలం. విజయనగరంలో ఓ పెంకుటింటి పెరడు. ఇంటావిడ లక్ష్మీనరసమ్మ చేతిలో చీపురు, గదిలో అద్దెకున్న కాలేజీ మేష్టరు గోవిందరావు చేతిలో సీసా. మధ్యలో, మూతి దాకా నేలలో పాతిన కుండ.

“మరి కుండలో ఎలకెందుకున్నాది? సెప్పు!”

“పడిపోయిందేమో పిన్నిగారూ.”

“పడి సచ్చిందా, సచ్చి పడిందా?”

“చచ్చాకే... అంటే, నేనే పెట్టానండి.”

“ఓలమ్మో! మేష్టరువి కదాని గదిస్తే, నా పెరట్లో ఎలకల్ని పాతుతన్నావా? ఈ కంపుకి నాలుగు రోజులై ముద్ద దిగడం లేదు!”

“కంపుకే పురుగులొస్తాయండి. వాటి మీద థీసిస్ రాస్తున్నాను. ఇక్కడే పదకొండు రకాలు దొరికాయి!”

“పురుగుల్లో రకాలేటి!”

“ఇదిగో సీసాలో చూడండి. ఈ చదునుగా ఉన్నవి కుళ్ళిన మాంసం తింటాయి. ఈ సన్నవి ఎలక్కోసం రావు, ఎలకని తినే ఈగపిల్లల్ని వేటాడ్డానికొస్తాయి.”

“దీని రెక్కలేటి, సగం సొక్కా తొడిగినట్టున్నాయి?”

“పైది పెంకండి. అసలు రెక్కలు దాని కింద మడత పెట్టుకుంటుంది.”

“ఒరే, తోకెత్తీసింది! తేలు!”

“ఉత్త బెదిరింపండి. కొండి లేదు.”

“అచ్చం పక్కింటి అసిరమ్మే.”

“పిన్నిగారూ, రెండ్రోజులుంచనివ్వండి. పన్నెండో రకం నిన్న కనబడి తప్పించుకుంది.”

“రెండ్రోజులా! ఈ పూటే నువ్వూ, నీ ఎలకా గది కాళీ సెయ్యండి.”

“ఇది నాలుగో ఇల్లండి. ఇంకెవరిస్తారు?”

“ఇవ్వరు మరి! సామాను సర్దు...”

“లక్ష్మీనరసమ్మొదినా! ఒదినా!”

“ఏటే అసిరమ్మా, దడి మీంచి ఆ కేకలేటి?”

“నా మీద సిల్లంగి పెట్టించీసినావా? కుండలో సచ్చిన ఎలక! రెండ్రోజులై నా కాళ్ళు లాగేస్తన్నాయి!”

“అయ్యో అసిరమ్మగారూ, చేతబడి కాదండి! ఇవి పురుగులు, పదకొండు రకాలు, కావాలంటే సీసా...”

“సీసాలో కూడా కట్టీసినాడమ్మో! ఒదినా, తప్పయిపోయింది! మూడేళ్ళ కితం దడి నీ జాగాలోకి మూరెడు జరిపీసినాను. ఇప్పుడే పీకి ఎనక్కి పాతీస్తాను!”

“పంచాయితీలో లేదన్నావు కదే?”

“అబద్దమాడినాను! పీకీస్తన్నాను! ఆ కుండ తీయించీ!”

“అసిరమ్మగారూ, నిజం చెప్తున్నాను, ఇది ఉత్త...”

“మేష్టరూ, నువ్వు నోర్మూసుకో.”

“అదికాదు పిన్నిగారూ, పాపం ఆవిడ...”

“నోర్మూసుకుని గదిలోకి పో. సామాను సర్దకు. అసిరమ్మా, నువ్వు రాటలు పీకుతా ఉండు. ఇది మజ్జిలో తీస్తే మంచిది కాదంట, ఇంకా పన్నెండోది రావాలంట!”